ఉగ్రవాదం - యువతకు వేసే వల

వేసవి వచ్చిందంటే మైలవరం మీదుగా పోయే రహదారికి తీరిక ఉండదు. నూజివీడు, ఆగిరిపల్లి, రెడ్డిగూడెం, విస్సన్నపేట తోటలలో కోసిన బంగినపల్లి కాయలు, చిన్న రసాలు, పెద్ద రసాలు, కలెక్టరు కాయలు ట్రాక్టర్ల మీదా లారీల మీదా విజయవాడ చెంతనున్న నున్న మార్కెట్టుకు తరలిపోతాయి. అక్కడి నుంచి ఉత్తర భారతదేశపు నగరాలకు చేరతాయి. మైలవరం గుండా సాగే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు, భద్రాచలం దాటి, అడవులూ కొండలూ గడిచి, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్‌ల మీదుగా ఉత్తరాఖండ్ దాకా పోతుంది. కాయలతో పాటు ఈ నేల పిల్లలు కూడా ఈ దారినే పైచదువులకు పోతారు. ఒకరు విజయవాడకు, ఒకరు బెంగళూరుకు, ఎందరో హైదరాబాదుకు. తోట గుత్తకిచ్చిన సొమ్ము కొంత, అప్పు కొంత కలిపి తల్లిదండ్రులు వారిని సాగనంపుతారు.

అంతర్జాతీయ ఉగ్రవాదం అనే మాట ఇటువంటి ఊళ్ళో వినిపించినప్పుడు, అది ఎక్కడో ఎడారి దేశాలకు సంబంధించిన విషయమని అనిపించడం సహజం. దినపత్రికలో అది లోపలి పుటల్లోని వార్త. పిల్లవాడు ఏ నగరంలో ఉన్నాడో ఆ నగరం పేరు వార్తలో కనిపించిన నాడు మాత్రం ఇంటిల్లిపాదీ టెలివిజన్ ముందు చేరతారు. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంత్రం అటువంటి రోజు. హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్ ఆనాడు తెలుగు జిల్లాలన్నింటి నుంచి వచ్చిన విద్యార్థులకు ఆటపట్టు. ఉద్యోగ పరీక్షలకు శిక్షణ ఇచ్చే సంస్థలు, వాటి చుట్టూ అద్దె గదులు, హాస్టళ్ళు, మిర్చి బజ్జీల బండ్లు. చీకటి పడుతున్న వేళ బస్‌స్టాపు దగ్గర ఒకటి, మిర్చి సెంటరు దగ్గర ఒకటి, సైకిళ్ళకు అమర్చిన బాంబులు కొద్ది నిమిషాల తేడాతో పేలాయి. 18 మంది మరణించారు. వంద మందికి పైగా గాయపడ్డారు. బస్సు కోసం నిలబడినవారు, తరగతి ముగించుకుని టీ తాగడానికి వచ్చినవారు, కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోతున్నవారు అందులో ఉన్నారు. ఆ రాత్రి ఎన్ని పల్లెల నుంచి ఎన్ని ఫోన్లు మోగాయో లెక్క కట్టినవారు లేరు.

ఆ కేసులో ఐదుగురు దోషులని 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం తేల్చి మరణశిక్ష విధించింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను ఖరారు చేసింది. ఐదుగురిలో ఒకడు పాకిస్తాన్ జాతీయుడు. మిగిలిన నలుగురు కర్ణాటక, ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్రలకు చెందినవారు. ఈ ఐదుగురిలో ఏ ఒక్కరికీ ఆ బస్‌స్టాపులో నిలబడిన ఏ ఒక్కరితోనూ పగ లేదు. ముఖపరిచయం కూడా లేదు. అటువంటప్పుడు వారి చేత ఆ పని చేయించినది ఏది? దూరదేశంలో కూర్చున్న ఒక సంస్థకు వేర్వేరు రాష్ట్రాల యువకులు ఎలా చేతికి చిక్కారు? ఉగ్రవాదాన్ని గురించి అడగవలసిన ప్రశ్నలలో ఇదే పెద్దది. బాంబు తయారు కావడానికి ఎంతో ముందు ఒక మనిషి తయారు కావాలి.

ఉగ్రవాదమంటే ఏమిటో నిర్వచించడం కూడా ప్రపంచానికి సాధ్యం కాలేదు. ఒకరి కళ్ళకు ఉగ్రవాదిగా కనిపించినవాడు మరొకరి కళ్ళకు స్వాతంత్ర్యవీరుడిగా కనిపిస్తాడని వాదించే దేశాలు ఉన్నాయి. అంతర్జాతీయ ఉగ్రవాదంపై ఒక సమగ్రమైన ఒడంబడిక కావాలని 1996లో ఐక్యరాజ్యసమితిలో భారతదేశం ప్రతిపాదించింది. దశాబ్దాలు గడిచినా నిర్వచనం దగ్గరే అది చిక్కుబడి పోయింది. పండితుల వాదం ఎలా ఉన్నా సామాన్యుడికి ఒక కొలత చాలు. యుద్ధంతో సంబంధం లేని జనాన్ని చంపి, ఆ చావును చూపి, బతికి ఉన్నవారిని భయపెట్టి ఒక రాజకీయ ప్రయోజనం సాధించుకోవాలని చూడడమే ఉగ్రవాదం. చచ్చినవారి మీద కాదు దాని గురి, చూస్తున్నవారి మీద.

దీనికి కారణాలేమిటని అడిగితే పేదరికం అని చప్పున సమాధానం చెప్పడం చాలామందికి అలవాటు. అది సగం నిజమే. 2008 నవంబరు 26న ముంబయి మీద దాడి చేసి ప్రాణాలతో పట్టుబడిన అజ్మల్ కసబ్ పాకిస్తాన్‌లోని ఒక పల్లెటూరి పేదింటి కుర్రవాడు, పెద్దగా చదువుకోనివాడు, ఇల్లు విడిచి కూలిపనులు చేసినవాడు. కాని 2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానాలను హైజాక్ చేసిన 19 మందికి నాయకత్వం వహించిన మొహమ్మద్ అట్టా జర్మనీలోని హాంబర్గులో నగర ప్రణాళిక చదివిన ఉన్నత విద్యావంతుడు. 1995లో టోక్యో భూగర్భ రైళ్ళలో విషవాయువు వదిలిన ఓమ్ షిన్రిక్యో అనే సంస్థలో గుండెకు శస్త్రచికిత్సలు చేసే వైద్యుడు ఉన్నాడు, భౌతికశాస్త్రం చదివినవారు ఉన్నారు. పేదరికమే మూలమైతే లోకంలోని పేదలందరూ తుపాకులు పట్టి ఉండవలసింది. కోటానుకోట్ల పేదలు ఏనాడూ ఎవరికీ హాని తలపెట్టలేదు. పేదరికాన్ని ఉగ్రవాదానికి తల్లి అనడం వారిని అవమానించడమే అవుతుంది.

దేశాల రాజకీయాలకు ఇందులో పెద్ద పాత్రే ఉన్నది. 1979లో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించాయి. వారిని ఎదిరించడానికి నానాదేశాల నుంచి యువకులు అక్కడికి చేరారు. అఫ్ఘాన్ పోరాటానికి అమెరికా, సౌదీ అరేబియా, పాకిస్తాన్ ధనమో, ఆయుధాలో, శిక్షణో సమకూర్చాయి. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సేనలు వెనుదిరిగాయి. యుద్ధం చేయడం తప్ప మరో పని నేర్వని మనుషులు మిగిలిపోయారు. అల్ ఖైదా పుట్టినది ఆ కాలంలోనే. పక్కవాడి పొలం మీదికి తోలడానికి పెంచిన ఎద్దు చివరకు పెంచినవాడి పైరే మేసిన కథ ఇది. పాకిస్తాన్ కూడా ఈ పాఠాన్ని పెషావర్ పాఠశాలలో 2014 డిసెంబరు 16న అతి దారుణంగా నేర్చుకున్నది. ఆనాడు అక్కడ చనిపోయినవారిలో 130 మందికి పైగా బడిపిల్లలు.

అయితే దేశాల పన్నాగాలు ఎన్ని ఉన్నా, అవి నేరుగా ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రవాడి గదిలోకి రాలేవు. అక్కడికి రావడానికి మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి పనితనాన్ని అర్థం చేసుకోవడానికి మామిడి సీమ వారికి పెద్ద గ్రంథాలు అక్కరలేదు. కాయను చెట్టున ముదరనిచ్చి, కోసి, సొన కార్చి, వరిగడ్డిలో పరచి మాగబెడితే పండటానికి రోజులు పడుతుంది. లోపల టెంక ముదిరి, కండ తీపెక్కి, చివరికి తొక్క పసుపుబారుతుంది. బేరం తొందర ఉన్నవాడికి అంత ఓపిక ఉండదు. లేతకాయను మూసిన గదిలో పోసి, కాల్షియం కార్బైడు పొట్లాలు పెట్టి తలుపు వేస్తాడు. దాని నుంచి వెలువడే వాయువుకు తొక్క ఒకటి రెండు రోజుల్లోనే పసుపెక్కుతుంది. లోపల పులుపు పులుపుగానే ఉంటుంది, పైగా కార్బైడులోని కల్మషాలు తిన్నవాడి ఒంటికి చేటు చేస్తాయి. అందుకే పండ్లను మాగబెట్టడానికి దానిని వాడడం నిషిద్ధం. మనుషులను మాగబెట్టే వ్యాపారికి కావలసినవి కూడా ఈ రెండే: లేత వయస్సు, మూసిన గది.

ఒకప్పుడు ఆ గది నిజమైన గదిగానే ఉండేది. రహస్య సమావేశం, చేతులు మారే కరపత్రం, క్యాసెట్టు, సరిహద్దు దాటించే దళారి. ఇప్పుడు గది అరచేతిలోకి వచ్చింది. 2014 జూన్ నెలాఖరున ఇరాక్, సిరియాలలో తాను రాజ్యం స్థాపించానని ప్రకటించుకున్న ఐసిస్ అనే సంస్థ ఈ విద్యలో ఆరితేరింది. 100కు పైగా దేశాల నుంచి 25,000 మందికి పైగా విదేశీయులు ఇటువంటి సంస్థలలో చేరడానికి తరలిపోయారని 2015లో ఐక్యరాజ్యసమితి నివేదిక తెలిపింది. భారతదేశపు జనాభాతో పోలిస్తే ఇక్కడి నుంచి వెళ్ళినవారు, వెళ్ళబోయి ఆగినవారు అతి స్వల్పం. ఆ స్వల్పంలో తెలుగు నేల వారూ ఉన్నారు.

2014లో హైదరాబాదు, పరిసర జిల్లాలకు చెందిన కొందరు యువకులు ఇంట్లో చెప్పకుండా కోల్‌కతా చేరారు. బంగ్లాదేశ్ మీదుగా దాటిపోవాలన్నది వారి ఆలోచన. వారిలో ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. పోలీసులు వారిని వెనక్కి తీసుకువచ్చి, కేసులు పెట్టకుండా, నచ్చజెప్పి తల్లిదండ్రులకు అప్పగించారు. 2015 జనవరిలో శంషాబాదు విమానాశ్రయంలో ఒక ఇంజనీరు అరెస్టయ్యాడు. దుబాయి మీదుగా సిరియా చేరాలని బయలుదేరాడని అభియోగం. ఫేస్‌బుక్‌లో అతడితో పరిచయం చేసుకుని ప్రోత్సహించిన స్త్రీ తాను బ్రిటిష్ పౌరురాలినని, కొత్తగా మతం స్వీకరించానని చెప్పుకున్నది. విదేశీ పేరు, విదేశీ జీవితం. 2015 సెప్టెంబరులో ఆమెను అరబ్ ఎమిరేట్స్ నుంచి స్వదేశానికి పంపినప్పుడు తెలిసింది ఏమిటంటే, ఆమె హైదరాబాదుకే చెందినది. ఒకే ఊరి మనుషులు ఇద్దరు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, మరో దేశపు యుద్ధం కోసం ఒక అబద్ధపు పేరు చాటున కలుసుకున్నారు. ముఖం చూసి, ఊరూ పేరూ అడిగి, అమ్మానాన్నలెవరో తెలుసుకుని గాని స్నేహం చేయని పల్లె అలవాటును పట్నవాసులు పాతకాలపు చాదస్తం అంటారు. ఈ ఒక్క కేసు చూస్తే ఆ చాదస్తానికి నమస్కరించాలనిపిస్తుంది.

అదే 2014 డిసెంబరులో బెంగళూరులో మరొక సంగతి బయటపడింది. ఐసిస్‌ను పొగుడుతూ ఆంగ్లంలో నిరంతరం రాసే ఒక ట్విట్టర్ ఖాతాకు 17,000 మందికి పైగా అనుచరులున్నారు. దానిని నడుపుతున్నది యుద్ధభూమిలోని సేనాని కాదు, పగలు ఒక కంపెనీలో ఉద్యోగం చేసుకునే యువకుడు. వాడి గది కిటికీ నుంచి సిరియా కనిపించదు. అయినా వేలమందికి సిరియాను చూపించాడు. పోలీసులు అతడిని అరెస్టు చేశారు.

ఇటువంటి వల ఎలా పడుతుందో చూస్తే, మొదటి మాటలో హింస అసలు ఉండదు. అవతలివాడు ఎంతో ఆప్యాయంగా పలకరిస్తాడు. తమ్ముడూ అంటాడు. ఎవరూ వినని మాట ఓపికగా వింటాడు. పరీక్షలో తప్పడం, ప్రేమలో భంగపడడం, కొత్త నగరంలో యాసను చూసి నలుగురూ నవ్వడం, అద్దెకు గది అడిగితే పేరు విని లేదనడం. ఈ చిన్న చిన్న గాయాలన్నింటినీ అతడు జాగ్రత్తగా ఏరుకుంటాడు. తరువాత వాటిని ఎక్కడో జరిగిన పెద్ద గాయానికి ముడివేస్తాడు. ఏ దేశంలోనో బాంబుదాడిలో చనిపోయిన పసిపిల్లల బొమ్మలు చూపుతాడు. ఆ బొమ్మలు చాలాసార్లు నిజమైనవే. అబద్ధమంతా బొమ్మ కింద రాసిన నాలుగు మాటలలో ఉంటుంది. నీకు జరిగినదీ వీరికి జరిగినదీ ఒక్కటే, చేసినవారూ ఒక్కరే అని ఆ మాటలు చెబుతాయి. అక్కడితో కుర్రవాడి దుఃఖానికి ఒక శత్రువు దొరికాడు. అంతవరకు లెక్కలోనివాడు కానివాడు ఒక్కసారిగా చరిత్రలో పాత్రధారి అయ్యాడు. జీతం ఆశపెట్టి ఉగ్రవాదంలోకి దింపుతారని అనుకునేవారు ఈ సంగతి గ్రహించాలి. డబ్బు ఎర ఉన్న చోట ఉన్నది గాని, చదువుకున్న కుర్రవాడికి వేసే ఎర ఎక్కువగా గౌరవమే.

ఆ తరువాత తలుపు మూసే పని మొదలవుతుంది. ఈ మాటలు ఎవరితోనూ అనకు అంటాడు. మీ నాన్న పిరికివాడు, మీ మసీదులోని ఇమాముకు అసలు ధర్మం తెలియదు, మీ స్నేహితులు లోకం మాయలో పడినవారు అని ఒక్కొక్కరినే తెంపుతాడు. అందరూ చూసే వేదిక నుంచి ఎవరికీ కనిపించని వేదికకు మాటలను మారుస్తాడు. ఒక చిన్న పని చెబుతాడు: ఒక సిమ్ కార్డు, ఒక చిరునామా, కొద్ది సొమ్ము. చిన్న పని చేసినవాడు ఆ రహస్యంలో భాగస్వామి అవుతాడు. ఇక వెనక్కి పోదామన్నా భయం ఆపుతుంది. వల అని దీనిని అనడం ఇందుకే. చేప లోనికి పోయేటప్పుడు దారి విశాలంగానే ఉంటుంది.

ఈ పద్ధతి ఒక మతానికి సొంతమైనది కాదు. ఆ మాట స్పష్టంగా చెప్పకపోతే ఈ చర్చంతా అన్యాయం అవుతుంది. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో శుక్రవారం ప్రార్థనలకు వచ్చినవారిని ఒక శ్వేతజాతి దురహంకారి కాల్చి చంపాడు. ఆ ఘోరాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షప్రసారం చేశాడు. మృతులు 51 మంది. వారిలో హైదరాబాదుకు, కరీంనగరుకు చెందినవారూ ఉన్నారు. వాడి తలకు ఎక్కిన విషం కూడా అంతర్జాలం నుంచి వచ్చినదే. 2011లో నార్వేలో అటువంటివాడే 77 మందిని బలిగొన్నాడు. 2025 ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్‌గామ్‌లో ముష్కరులు మతం అడిగి మరీ పర్యాటకులను కాల్చారు. అక్కడ చనిపోయిన 26 మందిలో నెల్లూరు జిల్లా కావలికి చెందిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, విశాఖపట్నానికి చెందిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. పర్యాటకులను గుర్రం మీద తిప్పి పొట్ట పోసుకునే కాశ్మీరీ ముస్లిం యువకుడూ ఉన్నాడు. కరీంనగరు ఇంట్లోనూ కావలి ఇంట్లోనూ ఏడ్చినది తెలుగు నేల మీదనే.

తెలుగువారికి ఈ జాడ్యం మరొక రూపంలోనూ ఎదురైంది. 2015 జూలైలో లిబియాలోని సిర్తే ప్రాంతంలో ఇద్దరు తెలుగు అధ్యాపకులు అపహరణకు గురయ్యారు. 2016 సెప్టెంబరులో గాని విడుదల కాలేదు. పాఠం చెప్పుకుని నాలుగు రాళ్ళు సంపాదించుకోవడానికి పోయినవారు ఏడాదికి పైగా బందీలయ్యారు. లిబియాలోనే ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక వైద్యుడు ఐసిస్ చెరలో చిక్కి 2017 ఫిబ్రవరిలో స్వదేశం చేరారు.

ఇక నివారణ. ఇక్కడ మొదట ప్రభుత్వాల వంతు వస్తుంది. ముంబయి దాడి తరువాత 2008 చివరలో జాతీయ దర్యాప్తు సంస్థకు చట్టం చేశారు. 2007లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆక్టోపస్ అనే ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసింది. ఉగ్రవాదులకు సొమ్ము చేరే దారులను మూయడానికి దేశాలన్నీ కలిసి పనిచేసే ఏర్పాట్లు 2001 తరువాత గట్టిపడ్డాయి. ఇవన్నీ కావలసినవే. కంచె లేని తోట ఉండదు. కాని చట్టం తొందరపడితే ఏమవుతుందో కూడా హైదరాబాదే చూసింది.

2007 మే 18న, శుక్రవారం నాడు, చారిత్రకమైన మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది మరణించారు. ఆ తరువాత జరిగిన పోలీసు కాల్పులలో మరో ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ఎందరో ముస్లిం యువకులను అనుమానంతో నిర్బంధించారు. తమను హింసించారని వారు చెప్పారు. న్యాయస్థానాలలో వారి మీద నేరం రుజువు కాలేదు. చివరకు ప్రభుత్వమే వారికి నష్టపరిహారం ప్రకటించవలసి వచ్చింది, 2013లో హైకోర్టు దానినీ రద్దు చేసింది. తరువాత వేరే వర్గానికి చెందిన వారి మీద అభియోగాలు మోపారు. 2018 ఏప్రిల్‌లో సాక్ష్యాలు చాలవని ప్రత్యేక న్యాయస్థానం ఆ నిందితులనూ విడిచిపెట్టింది. అంటే ఆ 9 మందిని చంపినదెవరో న్యాయస్థానంలో తేలనే లేదు. చనిపోయినవారికి న్యాయం జరగలేదు, నిర్బంధానికి గురైనవారికి జరగవలసినంత జరగలేదు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులోను, కోఠిలోని గోకుల్ చాట్‌లోను బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. ఆ కేసులో మాత్రం 2018 సెప్టెంబరులో శిక్షలు పడ్డాయి. లుంబినీ పార్కులో లేజర్ ప్రదర్శన చూస్తూ చనిపోయినవారిలో మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. ఉగ్రవాది కోరుకునేది సరిగ్గా ఈ తొందరపాటునే. తప్పు చేయనివాడు లాఠీ దెబ్బ తిని ఇంటికి వస్తే, వల వేసేవాడికి అంతకంటె మంచి వక్త అక్కరలేదు. 2006 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఉగ్రవాద వ్యతిరేక వ్యూహంలో నాలుగు స్తంభాలలో ఒకటిగా మానవహక్కుల రక్షణను చేర్చడం మెతకదనం వల్ల కాదు, అనుభవం వల్ల.

మతపెద్దల మాటకు కూడా విలువ ఉన్నది. 2008 ఫిబ్రవరిలో దేవ్‌బంద్‌లోని దారుల్ ఉలూమ్ ఉగ్రవాదం ఇస్లాముకు విరుద్ధమని ప్రకటించింది. అదే సంవత్సరం నవంబరులో హైదరాబాదులో జరిగిన జమియత్ ఉలేమా సభలో వేలాది ఉలేమాలు ఆ నిర్ణయాన్ని బలపరిచారు. కొద్ది వారాలకే ముంబయి దాడి జరిగింది. చనిపోయిన తొమ్మిదిమంది ముష్కరుల శవాలను తమ శ్మశానంలో పూడ్చడానికి ముంబయి ముస్లిములు నిరాకరించారు. శవానికి ఆరడుగుల నేల ఇవ్వననడం ఏ సమాజానికైనా తేలికైన నిర్ణయం కాదు. అయినా నిరాకరించారు. ఈ వార్తకు దొరికిన చోటు పత్రికలలో చిన్నది.

వలలో పడబోయినవాడిని వెనక్కి తీసుకురావడం సాధ్యమా? డెన్మార్క్‌లోని ఆర్హుస్ అనే నగరం ఒక ప్రయత్నం చేసింది. సిరియాకు వెళ్ళాలనుకునేవారితోను, వెళ్ళి తిరిగివచ్చినవారిలో నేరం చేసినట్లు ఆధారం లేనివారితోను పోలీసులు, ఉపాధ్యాయులు, సామాజిక కార్యకర్తలు కలిసి కూర్చున్నారు. ఒక్కొక్కరికి ఒక పెద్దమనిషిని తోడుగా పెట్టారు. ఆగిన చదువు, దొరకని ఉద్యోగం సంగతి చూశారు. 2013 నాటికి ఆ నగరం నుంచి దాదాపు 30 మంది సిరియాకు వెళ్ళిపోయి ఉండగా 2014లో వెళ్ళినవారు ఒక్కరే. కాని ప్రతి చోటా ఫలితం ఇలాగే ఉంటుందని భ్రమపడరాదు. 2015 డిసెంబరులో నాగపూర్ విమానాశ్రయంలో శ్రీనగర్ వెళ్ళబోతున్న ముగ్గురు హైదరాబాదు యువకులు పట్టుబడ్డారు. వారిలో, ఏడాది క్రితం కోల్‌కతా నుంచి వెనక్కి తెచ్చి తల్లిదండ్రులకు అప్పగించిన యువకుడు కూడా ఉన్నాడు. ఒక్క రోజు కూర్చోబెట్టి చెప్పిన బుద్ధులు నెలల తరబడి సాగిన వశీకరణను తుడిచివేయలేకపోయాయి. అందువల్ల ఆ మొదటి దయ తప్పు అని వాదించేవారు ఉన్నారు. ఆ వాదం సరి కాదు. దయ తప్పు కాదు, అది అక్కడితో ఆగిపోవడం తప్పు. కోల్‌కతా నుంచి వచ్చినవారందరూ నాగపూర్ విమానాశ్రయంలో తేలలేదు కదా.

అందరికంటె ముందుగా మార్పును చూసేవారు ఇంటివారు, గదిలో కలిసి ఉండేవారు. నలుగురిలో నవ్వుతూ తిరిగినవాడు ఒక్కసారిగా ముడుచుకుపోవడం, పాత స్నేహితులందరినీ ఒకే మాటతో కొట్టివేయడం, తెల్లవార్లూ ఫోనుతో గడిపి ఎవరైనా పక్కకు రాగానే తెర మార్చడం, చదువు, సంపాదన, పెళ్ళి అన్నీ వ్యర్థమని మాట్లాడడం. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు. పరీక్ష పోయిన ప్రతి కుర్రవాడూ కొన్నాళ్ళు ఇలాగే ఉంటాడు. ప్రార్థనలు పెరగడమో గడ్డం పెరగడమో చూసి అనుమానించడం మూర్ఖత్వం, అన్యాయం కూడా. ఎవరో అజ్ఞాతవ్యక్తి మాట మీద రహస్యాలు పెరుగుతున్నాయా అన్నదే చూడవలసిన గుర్తు. అది కనిపించినప్పుడు గదిలోని మిత్రుడు చేయవలసిన పని వాడిని వెలివేయడం కాదు. వాడితో కలిసి భోజనానికి పోవడం, మాట కలపడం, ఆ మాటలలో ఒకరిని చంపాలన్న ఊసు వినిపిస్తే వెంటనే పెద్దలకు చెప్పడం.

పెద్దలకు చెప్పడం దగ్గరే అసలు చిక్కు. చెబితే మిత్రుడి బతుకు పాడవుతుందని కుర్రవాడి భయం. పోలీసులకు చెబితే కన్నకొడుకును జైలుకు పంపినట్లేనని తల్లి భయం. చెప్పకపోతే ఏమి జరుగుతుందో ఊహించడానికి ఇద్దరికీ మనసు రాదు. 2014లో కోల్‌కతా నుంచి వచ్చిన పిల్లలను కేసు లేకుండా ఇంటికి పంపినప్పుడు, ఆ తల్లిదండ్రులకే గాక చూస్తున్న మరెందరో తల్లిదండ్రులకు ఒక తలుపు తెరుచుకున్నది. ఆ తలుపు తెరిచి ఉంచడానికి పోలీసు స్టేషను ఒక్కటే చాలదు. కాలేజీలో విద్యార్థి నిర్భయంగా మాట్లాడగల అధ్యాపకుడు ఒకరుండాలి. పరీక్ష మార్కుల గురించి తప్ప మరొక విషయం అడిగే తీరిక ఆ అధ్యాపకుడికి ఉండాలి. సిలబసు పూర్తి చేసే ఒత్తిడిలో జూనియర్ కాలేజీలు మొదట వదులుకున్నది ఈ తీరికనే.

మైలవరం ఇళ్ళలో ఆదివారం సాయంత్రం హాస్టలుకు చేసే ఫోనులో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. తిన్నావా, ఒంట్లో బాగుందా, వారం పరీక్షలో ఎన్ని వచ్చాయి, డబ్బులు సరిపోయాయా. పిల్లవాడు ఆ అన్నింటికీ ఊ కొడతాడు. నీ గదిలో ఎవరెవరు ఉంటున్నారు, ఎవరితో కలిసి తింటున్నావు, ఈ వారం నీకు ఏమి బాధ కలిగింది అని అడిగే ఇళ్ళు కొన్నే. అడిగిన మొదటి వారం జవాబు రాదు. రెండో వారం విసుక్కుంటాడు. తోటలో ఈ ఏడు పూత ఎలా ఉంది అని తిరిగి తానే అడగడం మొదలుపెట్టేసరికి నెలలు పట్టవచ్చు.